పెన్సిల్ చీటీల డబ్బా

ముందు కబురు సెప్పీత్తాను. కబురు కడుపులో దాసుకుని మొదట్నించీ కత సెప్పడం నా వల్ల కాదు. మా ఫీల్డు డాక్టరమ్మకి పెన్ను వొచ్చింది. నా ఉజ్జోగం నిలబడింది. రెండూ ఒకే రోజు, ఒకే కవర్లో వొచ్చినాయి. కవరు సింపినోణ్ణి నానే. సింపి, సదివి, మందుల కౌంటరు ఎనకాలున్న స్టూలు మీద కూలబడిపోయినాను. సంతోషంతో అనుకునీరు గానీ కాళ్ళు లాగీసి. పొద్దున్నించీ లైను తెగనేదు.

డాక్టరుకి పెన్ను రావడమేటి, డాక్టరన్నాక పెన్నుండదా అని అడుగుతారు. మాయయ్య కూడా అదే అడిగినాడు.

మాయయ్య పూర్ణా మార్కెట్లో కళాసీ. లారీల్లోంచి బస్తాలు దించుతాడు. మాయింట్లో కాలేజీ గుమ్మం తొక్కింది నానొక్కణ్ణే. బీఫార్మసీ పాసై సర్టిపికెట్టు పట్టుకొచ్చిన రోజు మాయమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి సూసింది.

"ఏటి రాసుందిరా ఇందులో?"

"మందులు ఇవ్వొచ్చని రాసుందే."

"ఎవులికి?"

"ఎవులికైనా."

అప్పుడు నానూ అలగే అనుకున్నాను.

ఉజ్జోగం కూర్మన్నపాలెం అవతల, రెండు సందులు దాటితే ఉండీ హెల్త్ సెంటర్లో దొరికింది. కాంట్రాక్టు. ఏడాదికోసారి రెన్యువల్. పాతూర్లో మాయింటి నించి అక్కడికి బస్సులో ఎల్లాల, బస్సులో రావాల. సీటు దొరికిన రోజుని మాయమ్మకి ఇసేసంగా సెప్పుకునీవోణ్ణి. మద్దెలో ఎనిమిది గంటలు నిలబడి బిళ్ళలు కత్తిరించడం, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక ఏసుకో, తినకుండా ఏసుకోకు, అని సెప్పిందే సెప్పడం. సాయంత్రానికి గొంతు నాది కాదనిపించీది.

మా సెంటర్లో ఇద్దరు డాక్టర్లు. మెడికల్ ఆఫీసరు సారుది ఓపీ. గదిలో కూకుంటారు, సూత్తారు, రాత్తారు. రెండో ఆవిడ ఫీల్డు డాక్టరమ్మ. ఆవిడా డాక్టరు సదువే సదివింది. దాని మీద ప్రజారోగ్యం అని ఇంకో సదువు కూడా సదివింది. కానీ ఆవిడ పోస్టు వేరు. తొట్టెల్లో దోమ పిల్లలున్నాయా, పసోళ్ళకి టీకాలు పడ్డాయా, ఏ సందులో జొరాలెక్కువున్నాయి, ఎవులికి బీపీ, ఎవులికి సుగరు, ఇవన్నీ ఇల్లిల్లూ తిరిగి కనిపెట్టడం ఆవిడ పని. కనిపెట్టినాక మందు రాయడం మాత్రం ఆవిడ పని కాదు. పోస్టింగు ఆర్డర్లో సర్వే ఉంది, నివారణ ఉంది, రిపోర్టు ఉంది. వైద్యం అన్న మాట నేదు. మా కౌంటర్లోంచి ఒక్క బిళ్ళ బయటికెల్లాలన్నా సారు సంతకం ఉండాల.

అంచేత సారే ఒక దారి సూపించినారు. "మేడమ్, మీరు పెన్సిల్‌తో రాసి పంపండి. నేను చూసి పెన్నుతో దిద్దుతాను" అన్నారు. మొదట్లో నిజంగానే ప్రతీ చీటీ సదివి దిద్దీవోరు. ఒకటి రెండు సార్లు డోసు కూడా మార్సినారు. తరవాత ఓపీ లైను గుమ్మం దాటి రోడ్డు మీదికెల్లిపోనాది. దిద్దడం మెల్లిగా స్టాఫు నర్సమ్మ సేతికీ, నా సేతికీ వొచ్చీసింది. పెన్సిల్ రాత మీద మేం పెన్నుతో దిద్దుతాం, కింద సారు సంతకం పెడతారు. తేదీ జాగా మాత్రం ఖాళీగా ఉంచాల. సంతకం పెట్టిన రోజు సారే తేదీ ఏసుకుంటారు. మాకున్నది ఆ ఒక్క రూలే.

ఇది ఇంట్లో సెప్తే మాయయ్య గట్టిగా నవ్వినాడు. "పదహారేళ్ళు సదివి మళ్ళీ దిద్దడానికెల్లినావేటిరా? అదేదో ఒకటో తరగతిలోనే ఆపీసుంటే నాకు కొంత మిగిలీది."

ఆదివారం క్యాంపు డాక్టరమ్మ మొదలెట్టిందే. అచ్యుతాపురం కంపెనీలకెల్లే కుర్రాళ్ళు, స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పనోళ్ళు తెల్లారకముందే బస్సెక్కీసి పొద్దుపోయినాక దిగుతారు. ఆదివారం తప్ప ఆళ్ళు మనకి దొరకరు. సందు మొగలో ఒక టెంటు, ప్లాస్టిక్ కుర్చీలు, బీపీ మిషను. డాక్టరమ్మ, ఆశా వర్కరు, నాను. ఆశా వర్కర్ని నాను వొదినా అంటాను. ఆవిడ ఆ సందులదే. ఏ రూములో ఎంతమందున్నారో ఆవిడకి లెక్క.

ఆదివారం రాసిన పెన్సిల్ చీటీలన్నీ ఒక బిస్కట్ల రేకు డబ్బాలో ఏసి సోమారం సెంటరుకి తెచ్చీవోణ్ణి. సారు సంతకం పెట్టీవోరు. పెట్టినాక ఆ మనిషి స్వయంగా రావాల, నేదా ఆ ఇంట్లో ఉండీవోళ్ళెవులైనా రావాల. మందులు కౌంటరు దాటించి సందులోకి పట్టుకెల్లడానికి నేదు. సోమారం ఆ మనిషెక్కడుంటాడు? పన్లో ఉంటాడు. పెళ్ళాం పిల్లలున్నోళ్ళకి ఎవులో ఒకరొత్తారు. రూముల్లో ఉండీవోళ్ళకి ఎవులొత్తారు, రూమ్మేట్లూ పన్లోనే ఉంటారు కదా? ఆ చీటీలు డబ్బాలోనే ఉండిపోయీవి. వారానికోసారి పాతవి తీసి అట్టడుక్కి తోసి కొత్తవి ఏసీవోణ్ణి.

అట్టడుగునున్న చీటీల్లో ఒకే మనిషివి మూడున్నాయి.

ఆడు రిగ్గరు. క్రేను కింద నిలబడి ఇనప దూలాలకి గొలుసులు కట్టీ పని. విజీనారం అవతల మెట్ట భూమి రైతుల పిల్లోడు, నా ఈడోడే. నన్ను మందుల బావా అని పిలిసీవోడు. బీపీ ఎక్కువని మొదటి ఆదివారమే తేలింది. రెండో ఆదివారం, మూడో ఆదివారం అలగే ఉంది.

"ఏటి బావా, ఈసారైనా బిళ్ళలిత్తావా, మళ్ళీ పెన్సిలేనా?"

"సోమారం రారా బావా. ఒక్క గంట."

"నాను గొలుసొదిలీసి వొత్తే పైనున్న దూలం ఎవుల మీద పడతాది? మీ సారు మీద పడదు కదా!"

నవ్వుతా అన్నాడు గానీ పక్కనున్న వొదిన నవ్వనేదు. "రూమ్మేటు సెప్పినాడు తమ్ముడూ, మొన్న పన్లో తల తిరిగి కూలబడిపోనాడంట" అంది నాతో.

"కొద్దిగే వొదినా," అన్నాడు ఆడు. "నీళ్ళు తాగితే పోనాది."

నాలుగో ఆదివారం డాక్టరమ్మ రెండు సేతులకీ బీపీ సూసింది. పది నిమషాలు కూకోబెట్టి మళ్ళీ సూసింది. "రేపు సెలవు పెట్టి సెంటరుకి రా" అంది.

"సెలవు పెడితే ఎల్లుండికి నా జాగాలో ఇంకోడుంటాడు మేడమ్."

ఆవిడ చీటీ మీద పెన్సిలు నొక్కి రాసింది. ముల్లు ఇరిగింది. ఇరిగిన ముల్లుతోనే మిగతాది రాసీసి నాకిచ్చి, తరవాత మనిషిని పిలిసింది.

క్యాంపు అయ్యాక టెంటు బట్ట, మిషను సెంటర్లో పెట్టడం నా పని. తాళం నా దగ్గరే ఉంటాది. ఆ రోజు ఆ రిగ్గర్ని కూడా ఎంటబెట్టుకెల్లినాను. సామాను సాయం పట్టుకో అన్నాను అంతే. లోపలికెల్లినాక కౌంటరు తెరిసినాను. పెన్సిల్ చీటీ మీద దిద్దినాను. నెల రోజులకి సరిపడా అమ్లోడిపిన్ అనీ బీపీ బిళ్ళలు కత్తిరించి ఇచ్చినాను. స్టాకు రిజిస్టర్లో రాసినాను. చీటీ మీద తేదీ ఏసినాను.

తేదీ! మందు ఏ రోజు ఇత్తే ఆ రోజు తేదీ ఆ నిమషమే ఏయాలని కాలేజీలో మొదటి వారం నేర్పినారు. పరీచ్చల్లో నాకు ఎక్కువ మార్కులొచ్చింది కూడా ఆ రికార్డులు రాసే పేపర్లోనే. సెయ్యి దాని పని అది సేసీసింది. ఖాళీగా వొదిలీయాల్సిన జాగాలో ఆదివారం తేదీ సక్కగా ఏసీసి, చీటీని సోమారం కట్టలో కలిపీసినాను.

సారు ఆ శుక్రారం నించీ సెలవులో ఉన్నారు. సొంతూర్లో పెళ్ళి. సోమారం వొచ్చి, లైను సూసి తల పట్టుకుని, కట్టంతా గబగబా సంతకాలు పెట్టీసినారు.

తరవాత వారం పై ఆఫీసు నించి స్టాకు తనికీకొచ్చినాయన సన్నగా, ఓపిగ్గా ఉన్నాడు. రిజిస్టరు పక్కన చీటీలు పెట్టుకుని వేలెట్టి ఒక్కొక్కటీ సూసుకుంటా వొచ్చి, ఒక దగ్గిర ఆగినాడు.

"ఏవయ్యా, ఆదివారం కౌంటరు తెరుస్తారా మీరు?"

"నేదు సార్."

"మరి ఇచ్చావుగా. పోనీ, ఈ సంతకం పెట్టిన డాక్టరుగారు ఆ ఆదివారం సెలవులో ఉన్నట్టు పక్క రిజిస్టర్లో ఉంది. ఊళ్ళో లేని మనిషి సంతకం ఎలా పెట్టారు?"

సెప్పకపోతే సారు మీదకెల్తాది. సెప్పినాను. డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి, దిద్దడం ఎలగో కూడా సెప్పినాను. ఆయన డబ్బాలోకి సూసి, మూత పెట్టీసి, "మీరంతా ఏం చేస్తున్నారో మీకు తెలుస్తోందా?" అన్నాడు. కోపంగా కూడా అననేదు. అదే ఎక్కువ బాధ.

మెమో వొచ్చింది. వారంలో రాతపూర్వకంగా జవాబియ్యాల. రెన్యువల్ కాయితం అప్పటిదాకా ఆగిపోద్ది.

సారు నన్ను గదిలోకి పిలిసినారు. తిడతారనుకుని గోడకానుకున్నాను. "నీ మీద కాదయ్యా నా కోపం. చూడకుండా పెట్టాను, అదీ," అన్నారు. కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నారు. "కానీ ఒకటి గుర్తుపెట్టుకో. ఆ బిళ్ళ వేసుకుని ఆ కుర్రాడు పడిపోయుంటే, వాణ్ణి నేను జన్మలో చూళ్ళేదు. సంతకం మాత్రం నాది."

డాక్టరమ్మ మెట్ల మీద కనబడింది. "నాకు చెప్పి చేసుంటే సరిపోయేది కదా."

"సెప్తే ఒప్పుకుందురా మేడమ్?"

"ఒప్పుకోను," అంది.

ఆ వారమే పై ఆఫీసు నించి ఇంకో కాయితం వొచ్చింది. ఫీల్డు డాక్టర్లకి సెంటర్లలో మందులు రాసే అధికారం ఇవ్వొచ్చా, స్టాఫు ఒక్కొక్కరూ అభిప్రాయం రాసి పంపాల. మా గొడవ వల్లే వొచ్చిందో, ముందే అనుకున్నారో నాకు తెలీదు. మద్దేన్నం కేరేజీలు ఇప్పుకుంటా అదే మాట.

స్టాఫు నర్సమ్మ కాయితం అందుకోగానే వొద్దని రాసీసింది. "ఇప్పుడు ఒక డాక్టరు తిడితే ఊరుకుంటన్నాను. రేపు ఇద్దరు రాత్తారు, ఇద్దరూ తిడతారు. ఆయన ఒకటి రాత్తాడు, ఆవిడ ఇంకోటి రాత్తది, మద్దెలో సూది పట్టుకుని నిలబడీది నాను. పైగా ఆవిడకి పెన్నొత్తే ఆదివారం క్యాంపు పర్మినెంటు అయిపోద్ది. నాకు ఆదివారం చర్చి ఉంది బాబూ. వారమంతా మీదే, ఆ రెండు గంటలు దేవుడివి."

ఆవిడ మాటలో అబద్దం నేదు. ఆవిడ మోకాళ్ళు నా మోకాళ్ళకన్నా పాతవి.

వొదినకి కాయితమే ఇవ్వనేదు. ఆశా వర్కరు స్టాఫు కాదంట. సీర కొంగుతో మెడ తుడుసుకుంటా గుమ్మంలో నిలబడి సెప్పింది. "నా అబిప్రాయం ఎవులడిగినారు గానీ, ఇంటింటికీ నాను మొకం సూపించాల. బీపీ ఉందని సెప్తాం, సుగరుందని సెప్తాం, రాసుకుని ఎల్లిపోతాం. మొన్న ఒకావిడ తలుపేసీసింది. ఎప్పుడూ మా దగ్గిర రాసుకుంటారే తప్ప ఏటిచ్చినారే మీరు, అంది. ఏటి సెప్పను?"

"నువ్వే సెప్పు తమ్ముడూ," అంది మళ్ళీ నాకేసి తిరిగి. "నువ్వు ఏటి రాత్తావు?"

అదే తెలీక సచ్చిపోతన్నాను. ఇవ్వాల అని రాత్తే, నాను సేసిన తప్పుని కప్పుకోడానికి రాసినట్టుంటాది. ఇవ్వొద్దని రాత్తే, తనికీ సారుకి నచ్చుతాది, రెన్యువల్ సులువవుతాది, డబ్బాలో చీటీలు అలగే ఉంటాయి. డాక్టరమ్మనే అడిగీసినాను, మేడమ్ మీకసలు పెన్ను కావాలా అని.

"నన్నెవరూ అడగలేదు ఇప్పటిదాకా" అంది. తరవాత, "కావాలి. భయం కూడా. పెన్ను వస్తే ఓపీలో కూర్చోమంటారు. జనం లైను కడతారు. సందుల్లోకి ఎవరు వెళ్తారప్పుడు? కుర్చీలో కూర్చున్న డాక్టరు దగ్గరికి ఆ రిగ్గరు ఎప్పుడైనా వచ్చాడా?"

ఆ సాయంత్రం ఇంటికెల్లి మెమో ఒక పక్క, అభిప్రాయం కాయితం ఒక పక్క పెట్టుకుని కూకున్నాను. మాయయ్య పనినించొచ్చి వీపుకి నూనె రాయించుకుంటన్నాడు. ఇసయమంతా అడిగినాడు, సెప్పినాను.

"బిళ్ళలు ఆడికి అవసరమేనా?"

"అవసరమే అయ్యా."

"మంచివేనా?"

"మంచివే."

"మరి తప్పేటి?"

"సారుకి తెలీకుండా సారు పేరు మీద ఇచ్చినాను. అదీ తప్పు."

మాయయ్య నూనె గిన్నె పక్కకి జరిపి, "అది తప్పేరా," అన్నాడు. "నా బస్తా మీద ఇంకోడి గుర్తేత్తే నానూ ఒప్పుకోను."

మెమోకీ, అభిప్రాయానికీ రెండు జవాబులు రాద్దామని కూకున్నోణ్ణి ఒకటే రాసినాను. నాను దిద్దినాను, సారుకి సెప్పనేదు, అది నా తప్పు, అని ముందు రాసినాను. డబ్బాలో ఎన్ని చీటీలు ఎవులూ రాక మిగిలిపోయినాయో లెక్కెట్టి రాసినాను. దిద్దించొద్దు, రాసినోళ్ళ సంతకం రాసినోళ్ళనే పెట్టనీండి, ఆవిణ్ణి ఓపీలో మాత్రం కూకోబెట్టొద్దు, అని రాసినాను. అదే కాయితానికి ఇంకో కాపీ తీసి రెండిటికీ జతపెట్టీసినాను. మర్నాడు సారు ఫార్వర్డు సంతకం పెడతా మొత్తం సదివినారు. ఈసారి ప్రతీ లైనూ సదివినారు. కింద ఆయన కూడా రాసినారు, కొన్ని మందులతో చిన్న లిస్టు ఇచ్చి చూడండి, అని.

తరవాత నెలన్నర ఏ కబురూ నేదు. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. దిద్దడం ఆపీసినాం గాబట్టి పెన్సిల్ చీటీలు సారే దిద్దాల, లైను ఇంకా పెరిగిపోనాది, జనం నన్ను తిట్టీవోరు. నెల బిళ్ళలు అయిపోయినాక రిగ్గరు క్యాంపుకొచ్చి ఖాళీ అట్ట సూపించినాడు. మళ్ళీ పెన్సిలే. ఆడు ఈసారి జోకు ఏయనేదు. చీటీ డబ్బాలో ఆడే ఏసీసి ఎల్లిపోనాడు.

అలగుండగా వొచ్చింది కవరు. ఫీల్డు డాక్టర్లు క్యాంపు రోజుల్లో, చిన్న లిస్టులో ఉన్న మందులు, తమ సంతకంతో రాయొచ్చు. ఆ లిస్టులో మందులు పెట్టెలో పెట్టుకుని ఫార్మసిస్టు క్యాంపుకి పట్టుకెల్లొచ్చు. ఆ డాక్టర్లకి ఓపీ డ్యూటీ ఎయ్యకూడదు. రెండో కాయితం నాది. మందలింపుతో మెమో మూసీసినారు, రెన్యువల్ ఇచ్చినారు. సారుకి సూపిత్తే, "హమ్మయ్య, నా లైను కొంచెం తగ్గుతుందా?" అన్నారు. నర్సమ్మ ఆదివారం మాట ఎక్కడుందో ఎతుక్కుని, "సూసినావా, నాను సెప్పనేదా" అంది. వొదినకి ఫోను సేత్తే పక్కింటోళ్ళకి ఇనబడీలా అరిసింది.

నిన్నే మొదటి పెన్ను ఆదివారం. మందుల పెట్టె మోసుకెల్లినాను. మాయయ్య భుజం ఎలగుంటాదో తెలిసింది. రిగ్గరు రాడేమో అనుకున్నాను. వొదిన రూముకెల్లి, నిద్దరోతన్నోణ్ణి లేపి సెయ్యట్టుకు లాక్కొచ్చింది. డాక్టరమ్మ బీపీ సూసి, పెన్ను తీసి అమ్లోడిపిన్ రాసింది. సంతకం పెట్టింది. తేదీ ఏసింది. రాసినాక కూడా పెన్ను మూయనేదు. మిషను మీదున్న బీపీ అంకెకేసి సూసింది.

"ఈ ఒక్క బిళ్ళతో ఆగదు. రెండోది కావాలి" అని నాతో అంది. "మన లిస్టులో ఉందా?"

నేదు. నాకు బాగా తెలుసు. లిస్టు కంటతా వొచ్చీసింది. ఆవిడకీ తెలుసు.

బేగులోంచి పెన్సిలు తీసింది. పెన్ను రాత కిందే, అదే చీటీ మీద, రెండో మందు పెన్సిల్‌తో రాసింది.

రిగ్గరు చీటీ అందుకుని సూసినాడు. "ఏటి బావా, సగం నలుపు, సగం బూడిద?"

"పైది ఇప్పుడిత్తాను. కిందది సారు దిద్దాల."

"సోమారమా?"

"సోమారమే."

ఆడు నిట్టూర్సినాడు. పై బిళ్ళలు జేబులో పెట్టుకున్నాడు. ఒకటి అక్కడే తీసి, నా సీసాలో నీళ్ళతో ఏసుకున్నాడు. "దీని గురించి ఇన్నాళ్ళు తిప్పినావా, ఇంతే ఉందేటి?" అని నాలిక సూపించి, "రూమ్మేటుకి ఈ వారం రాత్రి షిప్టు. రేపు పగలు ఖాళీ. ఆణ్ణి పంపుతాను, తిట్టకుండా ఇయ్యి" అన్నాడు.

చీటీ కాపీ డబ్బాలో ఏసినాను. పాతవన్నీ పెన్నుకి మారిపోయి రేకు డబ్బాలో అదొక్కటే ఉండబట్టి, మూతేత్తే టపామని సప్పుడయింది.

రేపు అని ఆడన్నది ఈరోజు. పొద్దున్నే సారు గదిలోకెల్లి ఆ చీటీ ముందు పెట్టినాను. ఆయన సదివి, డాక్టరమ్మకి ఫోను సేసి రెండు మాటలు మాటాడి, దిద్దినారు. పదకొండింటికి రూమ్మేటు ఆవలించుకుంటా వొచ్చినాడు. ఇచ్చీసినాను. ఆ తరవాత లైను సాయంత్రం దాకా తెగనేదు. బస్సులో సీటు దొరకనేదు. నిలబడే వొచ్చినాను, రిగ్గరికి రెండో బిళ్ళ కూడా అందిందన్న కబురు మోసుకుంటా. మాయమ్మ కాళ్ళకి ఏణ్ణీళ్ళు పెట్టింది. కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని ఇది రాత్తన్నాను.